ముందు వినడం నేర్చుకోవాలి

ఫోన్ తీస్తే అమెరికా పలికే రోజుల్లో, సొంత సెట్‌తో రేడియోలో మాట్లాడుకునే ఈ హామ్ రేడియో ఎందుకని నన్ను అడుగుతుంటారు. 2004 డిసెంబరులో సునామీ అండమాన్‌ను ముంచెత్తి ఫోన్లు మూగబోయినప్పుడు, హామ్ ప్రసారాల కోసం వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందమే అయినవాళ్ల క్షేమ సమాచారాలు చేరవేసింది. అంతకంటే జవాబేం కావాలి!

ఈ విద్య పుస్తకంతో సగమే వస్తుంది. మిగతాది హామ్ క్లబ్బులో పెద్దల పక్కన కూర్చుంటేనే అబ్బుతుంది. 7 మెగాహెర్ట్జ్ డైపోల్ యాంటెన్నాకు సుమారు 20 మీటర్ల రాగి తీగ కొలవడం, నడిమధ్య కేబుల్ అతకడం, రెండు కొసలూ డాబా మీద ఎత్తుగా లాగి కట్టడం అక్కడే చేతికొస్తాయి. మైకు ముందు గొంతు పెగలకపోతే, "కంగారు పడకమ్మా, ముందు విను. ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందని తేలాకే బటన్ నొక్కు" అంటారు సీనియర్లు. ఆ ఒక్క మాటలో ఈ రంగం మర్యాదంతా ఉంది.

పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. పాసై లైసెన్సు తీసుకున్నాకే ప్రసారం. మీ పిల్లల్ని దగ్గర్లోని క్లబ్బుకు ఒక్కసారి తీసుకెళ్లండి. మీరూ కూర్చోండి.