చేపాకులో ఎనిమిది పరుగులు

మన తిరుపతి, చిత్తూరు వారికి చెన్నపట్టణం ప్రయాణమంటే విహారం కాదు, పని. పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి, పెళ్ళికి చీరలు కొనాలి, లేదా పిల్లవాణ్ణి కాలేజీలో చేర్పించాలి. అన్నీ ముగిసి ఒక పూట మిగిలితే మెరీనాకు పోయి, గుగ్గిళ్ళు తిని, తిరుగు రైలెక్కుతాము. ఆ దారిలోనే, సముద్రానికి కూతవేటు దూరంలో, చేపాకు క్రికెట్ మైదానం వున్నది. అక్కడ ఒక్క నిమిషం ఆగవలెనని నా మనవి.

తిరుపతిలో బయలుదేరిన రైలు రేణిగుంట, పుత్తూరు దాటి, నగరి కొండలు చూపిస్తూ తిరుత్తణి చేరుతుంది. ఆ తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనిదే. అంతకుముందు మదరాసు పట్టణమే మన రాజధాని. కనుక చేపాకులో ఆట అంటే, ఆ రోజుల్లో మన రాజధానిలో ఆట అన్నమాట.

ఈ మైదానంలో మొదటి టెస్టు 1934 ఫిబ్రవరిలో జరిగింది. భారత జట్టు నాయకుడు మచిలీపట్నం మూలాలున్న తెలుగువాడు, కల్నల్ సి.కె. నాయుడు. ఇంగ్లండు 202 పరుగులతో నెగ్గింది. దానికి బదులు తీర్చుకోవడానికి మనకు పద్దెనిమిదేళ్ళు పట్టింది.

1952 ఫిబ్రవరి 6న మళ్ళీ ఇంగ్లండుతోనే, ఇక్కడే, సిరీసులో ఆఖరి టెస్టు మొదలయింది. 1932లో లార్డ్సులో ఆడడం మొదలుపెట్టిన మనవారు అప్పటికి 24 టెస్టులు ఆడి ఒక్కటీ నెగ్గలేదు. ఆ సిరీసులోనూ మూడు డ్రాలు, కాన్పూరులో ఓటమి. మొదటి రోజునే ఆరవ జార్జి రాజు మరణవార్త వచ్చింది. మరునాడు ఆట ఆపివేశారు.

కాని వినూ మన్కడ్ ఎడమచేతి బంతి ఆగలేదు. 55 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. ఆ ఎనిమిదిమందిలో నలుగురు ఆశపడి గీత దాటి ముందుకు వచ్చారు. బంతి వారిని తప్పించుకుని వికెట్ కీపరు ప్రబీర్ సేన్ చేతికి పోయింది, స్టంపులు ఎగిరిపోయాయి. రాబర్ట్‌సన్ 77 చేసినా ఇంగ్లండు 266 దగ్గర ఆగిపోయింది. మనవారిలో పంకజ్ రాయ్ 111 కొట్టాడు. పాలీ ఉమ్రీగర్ 130తో అజేయంగా నిలిచాడు. టెస్టుల్లో అతనికి అదే తొలి సెంచరీ. తొమ్మిది వికెట్లకు 457 కాగానే నాయకుడు విజయ్ హజారే ఇక చాలన్నాడు.

రెండోసారి ఇంగ్లండు 183కే ముగిసింది. మన్కడ్‌కు నాలుగు, మన హైదరాబాదు గులాం అహమ్మదుకు నాలుగు. ఫిబ్రవరి 10న భారతదేశానికి మొట్టమొదటి టెస్టు విజయం: ఇన్నింగ్సు 8 పరుగులతో.

ఈ లెక్క చెబితే మా అమ్మాయి, “ఎనిమిదేనా నాన్నా?” అని పెదవి విరిచింది. మొదటి ఇన్నింగ్సులో మనవారికి 191 పరుగుల ఆధిక్యం వచ్చింది. అవతలివారు పది వికెట్లూ పోగొట్టుకుని కూడా ఆ బాకీ తీర్చలేకపోయారు, ఎనిమిది మిగిలిపోయాయి. మనకు మళ్ళీ బ్యాటు పట్టే పనే పడలేదు. అప్పుడు గాని దానికి అర్థం కాలేదు, ఆ ఎనిమిది ఎంత పెద్దవో!

ఆ సంవత్సరమే, డిసెంబరు 15న, అదే నగరంలో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణాలు విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మదరాసు రాలేదు. కర్నూలు రాజధాని అయింది. అన్నదమ్ముల పంపకంలో ఇల్లు ఒకరికి, పొలం ఒకరికి పోయినట్లు, చేపాకు అవతలివారి వాటాకు వెళ్ళింది.

అయినా తాతగారి పేరు ఏ అన్నదమ్ముడి వాటాకూ పోదు గదా! ఇప్పుడు అక్కడ కొత్త గ్యాలరీలు లేచాయి, గుడారాలవంటి తెల్లటి కప్పులు వచ్చాయి. సాయంకాలం మెరీనా గాలి మాత్రం అదే. వాలాజా రోడ్డు మీద నిలబడి పిల్లలకు ఆ ఎనిమిది పరుగుల కథ చెప్పండి. తిరుగు రైలుకు ఇంకా వ్యవధి వుంటుంది.