లక్డీకాపూల్‌లో మూడు దినాలు

హైదరాబాదు అనగానే అందరికీ చార్మినారు స్ఫురించడం సహజం. మాకు మాత్రం లక్డీకాపూల్ లాడ్జీలోని ఒక చిన్న గది, అందులో మేము తప్పు వైపు నుండి తెరిచిన ఒక పుస్తకం జ్ఞప్తికి వస్తాయి.

అది 2019 డిసెంబరు మాసం. మా అబ్బాజాన్‌కు కంటిలో శుక్లం ముదిరినందున శస్త్రచికిత్స చేయించవలసి వచ్చింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరి, శుక్రవారం వేకువన నాంపల్లి స్టేషనులో దిగి, ఆసుపత్రికి దగ్గరని లక్డీకాపూల్‌లో బస చేశాము. వైద్యానికై జిల్లాల నుండి వచ్చేవారు ఈ ప్రాంతంలో దిగడం పరిపాటి. లాడ్జీ మెట్ల మీద మందుల సంచులు, ఎక్స్‌రే కవర్లు చేతబట్టినవారే మాకు ఎదురయ్యారు.

"లక్డీ అంటే కర్ర, పూల్ అంటే వంతెన. మరి ఆ కర్రవంతెన ఏదీ, బేటా?" అని అబ్బాజాన్ అడిగారు. వంతెన ఏనాడో పోయింది. 2018లో వచ్చిన మెట్రో స్టేషను ఆ పేరును మోస్తున్నది. "పోనీలే, పేరైనా ఉంచారు" అని వారు నవ్వారు.

ఆ మధ్యాహ్నం పబ్లిక్ గార్డెన్స్‌లోని షాహీ మసీదులో జుమా నమాజు చేశాము. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం నాడు నెలకొని ఉండినది కూడా ఆ తోట చెంతనే. ఇంట ఉర్దూ మాట్లాడి, తరగతిలో తెలుగు బోధించే మాకు అది సొంత చోటు వలె తోచింది. రెండు భాషలూ మావే అన్న గర్వం కూడా లోలోపల కలిగిన మాట వాస్తవం.

శనివారం శస్త్రచికిత్స నిర్విఘ్నంగా జరిగింది. కొన్నాళ్ళు చదవరాదని వైద్యుల ఆజ్ఞ. ఆదివారం అబ్బాజాన్‌కు పొద్దు గడవలేదు. "ఆబిడ్స్‌లో గాలిబ్ దీవాన్ దొరికితే తెచ్చి, నాలుగు గజళ్ళు వినిపించు" అన్నారు. పక్క గదిలో భార్య వైద్యానికై వచ్చిన మెదక్ జిల్లా రైతు ఒకరున్నారు. ఎనభై అయిదేళ్ళ ఆ పెద్దాయనను అబ్బాజాన్‌ను కాస్త కనిపెట్టి ఉండమని కోరి మేము బయలుదేరాము.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ అంగడి వల్ల ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. ఆదివారం దుకాణాలు మూసి ఉండగా, వాటి ముందరి కాలిబాట మీద పాత పుస్తకాలు పరుస్తారు. గాలిబ్ కావాలని అడిగితే అమ్మకందారు ఒక పుస్తకం చేతికిచ్చాడు. అది గాలిబ్‌దే అని అతని మాట మీదనే నమ్మవలసి వచ్చింది!

గదికి వచ్చి అబ్బాజాన్ ఎదుట పుస్తకాన్ని తెలుగు పుస్తకం వలె తెరిచాము. చివరి పుట వచ్చింది. తిరగవేసి మొదటికి వచ్చాము. ఖురాను పఠనానికై బాల్యంలో నేర్చిన అక్షరాలు గుర్తున్నవి. కాని ఉర్దూ అచ్చులో అచ్చుల గుర్తులు సాధారణంగా ఉండవు; ట, డ, ప, చ వంటివి అరబ్బీలో లేని అక్షరాలు. ఒక పంక్తిలో మూడుసార్లు ఆగిపోయాము. అబ్బాజాన్ ఏమీ అనలేదు. ఆ మౌనం మందలింపు కన్నా బరువుగా ఉండెను.

అప్పుడు పెద్దాయన చేయి చాచి, "ఇటియ్యిండ్రి సారూ, నిజాం జమానల మాకు బడిల గిదే చదువు" అన్నారు. కళ్ళద్దాలు సవరించుకొని, తడబడకుండా చదివారు. అబ్బాజాన్ కంటికట్టు కింద పెదవులు కదిలాయి. గడప వద్ద కూర్చున్న పెద్దాయన భార్యకు ఉర్దూ తెలియదు. "గిది తెలుగుల చెప్పుండ్రి, మా ఇంటామెకు సమజైతది" అని ఆయన మమ్ము కోరారు. దాశరథి కృష్ణమాచార్య "గాలిబ్ గీతాలు" మాకు కొంత కంఠస్థం. జ్ఞాపకమున్నంత వరకు వినిపించాము. మా తెలుగు చదువును అబ్బాజాన్ తల ఊపుతూ వినడం అదే ప్రథమం.

2020లో లాక్‌డౌన్ వచ్చి కళాశాల మూతపడినప్పుడు అబ్బాజాన్ మాకు గురువైనారు. జూన్ నాటికి మేము ఒక పుట చదివి వినిపించాము. అప్పటికి వారి చూపు బాగుపడినది, తామే చదువుకొనగలరు. అయినను పుస్తకం మాకిచ్చి విన్నారు, నాలుగు చోట్ల దిద్దారు.

విద్యార్థులారా! ఈ సంచికను మీలో కొందరు ఎడమ నుండి, కొందరు కుడి నుండి తెరుస్తారు; మధ్యలో ఆగిపోతారు. ప్రక్క బల్ల మీది మిత్రుని పిలిచి, ఆవలి పుట ఒకటి చదివించుకొని వినండి. అతనికి మీ పుట ఒకటి చదివి వినిపించండి. లక్డీకాపూల్‌లో మేము సిగ్గుపడి నేర్చినది మీరు సంతోషంగా నేర్వగలరని మా ఆశ.