కళ్లకు గంతలు – కదిలే యంత్రము

మరమనిషి అనగానే చేతులు, కాళ్లు, తల గల ఇనుప బొమ్మ మన మనస్సులో మెదులుతుంది. కాని నేడు గిడ్డంగులలో తిరుగుతున్న మరమనుషులలో పెక్కింటికి తలయే లేదు. అవి చక్రాల మీద నడిచే పీటల వంటివి. బరువును వీపున పెట్టుకొని తమ దారిని తామే వెదకుకొంటూ పోతాయి. తెలుగు బోధించే మాకు ఈ ప్రసంగమెందుకని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. మనిషి క్షేమం ఏ ఒక్క శాఖకో చెందిన విషయం కాదు గదా!

మిర్చి కాలంలో మన ఎనుమాముల మార్కెట్టుకు వెళ్లినవారు హమాలీలను చూచియే ఉంటారు. వీపున బస్తా, వంగిన నడుము. ఎదుట ఎవరున్నదీ అతనికి సరిగా కనబడదు. “జరుగుండ్రి!” అనో “హటో!” అనో కేక వేస్తూ వస్తాడు. తాను వస్తున్నట్లును, ఏ వైపునుండి వస్తున్నదియు ఆ కేకతోనే తెలుస్తుంది. మనం ఒక అడుగు పక్కకు వేస్తాము, అంతే.

యంత్రానికి ఆ కేక లేకపోతే ఏమగును? 1979లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఫోర్డు వారి కర్మాగారంలో, రాబర్ట్ విలియమ్స్ అనే కార్మికుడు సామాను మోసే యంత్రం తగిలి మరణించాడు. అది సమీపిస్తున్నట్లు తెలిపే చప్పుడైనా లేదని కుటుంబం పక్షాన వాదించారు. 1983లో జ్యూరీ కోటి డాలర్ల పరిహారం నిర్ణయించినది.

నేటి బండ్లకు లేజర్ కన్ను అమర్చుతారు. మనిషి దూరపు వలయంలోకి వస్తే వేగం తగ్గుతుంది, దగ్గరి వలయంలోకి వస్తే బండి ఆగుతుంది. మనిషి సెకనుకు 1.6 మీటర్లు నడుస్తాడని అంతర్జాతీయ ప్రమాణం. బండి వేగం రెట్టింపైతే, బ్రేకు వేసిన పిమ్మట అది సాగే దూరం నాలుగు రెట్లు. 2019 నాటికి అమెజాన్ సంస్థ, మరమనుషులు తిరిగే చోటికి వెళ్లే పనివారికి సంకేతాలు పంపే చొక్కా తొడిగించినది. కేక వేసే పని మనిషిదే అయినదన్నమాట!

ఇటువంటి బండ్లను జనం నడుమ విడువక ముందు వర్చువల్ రియాలిటీలో పరీక్షించే పద్ధతి ఉన్నది. కళ్లద్దాలు ధరించినవానికి లేని గిడ్డంగి కనబడుతుంది, లేని బండి ఎదురు వస్తుంది. ఎంత దూరాన బెదిరాడో, ఎటు తప్పుకొన్నాడో కొలుస్తారు. దెబ్బ తగలదు. ఇది మెచ్చదగినదే. అయితే ఇంజనీరింగ్ చదువుతున్న మా పూర్వ విద్యార్థి ఒకడు మాకు ఆ కళ్లద్దాలు తొడిగినప్పుడు, బండి రాగానే మేము వెనుకకు అడుగు వేశాము. “సార్, వెనుక బల్ల!” అని అతడు మోచేయి పట్టుకొన్నాడు. కళ్లు ఒక లోకంలో, కాళ్లు మరొక లోకంలో!

బల్లయో గోడయో అయితే ఉన్నచోటనే ఉంటుంది. దగ్గరకు పోగానే కళ్లద్దాలలో హద్దు గీత చూపే ఏర్పాటు 2016 నాటికే వచ్చినది. ఇప్పుడు కొన్ని ప్రయోగశాలలలో, మిథ్యాలోకంలోని కుర్చీ నిజంగా చేతికి తగిలేటందుకై, నిజమైన కుర్చీని చక్రాల మరమనిషిచేత తెప్పిస్తున్నారు. గంతలు కట్టుకొన్నవాని చుట్టూ బరువైన బండి తిరగడం! లేజర్ కన్ను ఒక్కటే చాలునని మేము అనుకోము. ఆ బండిని చెట్టుగానో ఎద్దుగానో, ఏదో ఒక రూపంలో అతనికి చూపి తీరవలెను. చూపడంలో ఆలస్యము కూడదు. సెకనుకు ఒక మీటరు పోయే బండిని సెకనులో పదవ వంతు ఆలస్యంగా చూపినా, అది కనబడే చోటికంటె 10 సెంటీమీటర్లు ముందుకు వచ్చి ఉంటుంది. అందుకే బొమ్మను అసలు బండికంటె కొంచెం పెద్దదిగా గీయవలెనని ఆ విద్యార్థి అన్నాడు. ఆ మాట మాకు నచ్చినది.