కొలిమి చెంత నొక తల్లి

బిడ్డలు కలిగిన పిమ్మట స్త్రీకి చదువు సాగునా యను ప్రశ్న మన యిండ్లలో పాతదే. సాగదనువారును, సాగవలెననువారును వాదింతురు గాని, సాగించినవారి కథను విప్పి చూచువారు తక్కువ. అట్టి కథ నొకదానిని మే మీ నడుమ చదివితిమి.

ఆమె పేరు ఆన్ డన్‌హామ్. 2009 మొదలు 2017 వఱకు అమెరికా దేశాధ్యక్షుడుగా నుండిన బరాక్ ఒబామాకు తల్లి. లోక మామెను కుమారుని పేరనే యెఱుగును. 1942లో కాన్సస్ రాష్ట్రమున జన్మించి, 1967లో హవాయి విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఆ యేడే ఆరేండ్ల కుమారుని వెంటబెట్టుకొని జావా ద్వీపమునందలి జకార్తా నగరమున భర్తను చేరెను. 1970లో కూతురు కలిగెను. 1972లో మరల హవాయి చేరి పైచదువున ప్రవేశించి, పరిశోధనకై 1975లో జావాకు తిరిగి వచ్చెను.

రామాయణము చదివినవారికి జావా క్రొత్త గాదు. సీతను వెదకుటకు వానరులను తూర్పునకు పంపుచు సుగ్రీవుడు చెప్పిన యవద్వీప మిదియే యని పెద్దలందురు. అచ్చటి పల్లెవారు ఇస్లాము మతస్థులయ్యును, మన తోలుబొమ్మలాటను బోలిన వయాంగ్ ఆటలో రామకథను, భారతకథను తెల్లవార్లు చూతురు. యోగ్యకర్త నగరము పేరును అయోధ్యనుండియే వచ్చెనందురు.

ఆ నగరమునకు ఆగ్నేయమున సున్నపురాతి కొండల నడుమ కజార్ అను కమ్మరుల పల్లె కలదు. మెట్టపంట కడుపు నింపదు గనుక అచ్చటి మగవారు తుక్కు యినుమును కాచి, కొట్టి, పారలు, కొడవళ్లు చేయుదురు. కొలిమిని పవిత్రముగా నెంచి నైవేద్య మిడుదురు. మన కమ్మరులు దసరాకు పనిముట్లను పూజించుట మాకు జ్ఞప్తికి వచ్చినది. డన్‌హామ్ ఆ కొలుముల చెంత గూర్చుండి, ఇనుము వెల యెంత, బొగ్గు వెల యెంత, కూలి యెంత, మిగులునదెంత యని వ్రాసికొనెను.

ఏల యందురా? బూకే యను డచ్చి పండితుడు, తూర్పుదేశముల పల్లెవారికి కోరికలు కొలది, లాభచింత తక్కువ, కావుననే వారు పేదలని సిద్ధాంతము చేసియుండెను. ఆమె లెక్కలు దీనికి విరుద్ధముగా పలికెను. కమ్మరి లాభనష్టములను ఎవనికిని తీసిపోకుండ లెక్కింపగలడు. వానికి లేనిది పెట్టుబడి. మా వీథిలో అప్పడము లమ్ము నొక యిల్లాలు పప్పు ధరయు, కూలియు, మిగులును వ్రేళ్లపై చెప్పును. మినుములు బస్తాగా కొను రొక్కమే ఆమెకు లేదు. ఈ సత్యము మన వంటయింటి గడపనే యుండగా, దానిని పండితులచే నొప్పింప వేయికి మించిన పుటలు కావలసివచ్చెను.

ఆ గ్రంథము 1992లో ముగిసెను. చదువు మొదలిడిన యిరువదియేండ్లకు! ఈ నడుమ ఉద్యోగములు, పిల్లలు, విడాకులు. 1995లో, ఏబదిరెండవ యేట, ఆమె కాన్సరుతో మరణించెను. గ్రంథము అచ్చయినది 2009లో.

ఇంత చదివిన పిమ్మట మా పొరుగామె యడిగిన ప్రశ్న వినుడు: "పదేండ్ల పిల్లవానిని దూరము పంపిన తల్లిది యేమి చదువమ్మా?" నిజమే. వేకువ నాలుగు గంటలకు లేపి యింగ్లీషు పాఠములు చెప్పిన కుమారుని, మంచి బడికై 1971లో హవాయికి తన తల్లిదండ్రులకడకు పంపెను. తరువాతను అతడు చాల యేండ్లు అచ్చటనే పెరిగెను. గ్రంథమును తల్లికి, గురువగు ఆలిస్ డ్యూయీకి, పిల్లల కిరువురకు అంకిత మిచ్చుచు, తా నూళ్లు దిరుగునపుడు పిల్లలు సణుగుట అరుదని ఆమె వ్రాసికొనెను. అందు కృతజ్ఞతయు, నొప్పియు రెండును కలవని మాకు తోచినది.

కాని ఆ అంకితమున మొదటి పేరు అమ్మమ్మది. బ్యాంకుద్యోగము చేయుచునే మనుమని పెంచిన యా ముదుసలి లేనిచో కజార్ కొలుముల కథ యెవరు వ్రాసెదరు? తల్లి చదువవచ్చునా యని తల్లినొక్కతెనే యడుగుట తగదు. బిడ్డ నెత్తుకొనువా రెవరని యింటిల్లిపాదిని అడుగవలెను.

మా చెల్లెలు చరిత్రలో పరిశోధన సగమునకు తెచ్చి, రెండేండ్ల బిడ్డతో నిలిపివేసినది. ఇంక చాలునని పెద్దలనిరి. బిడ్డను వేసవినుండి మాయింట నుంచుకొందుమని మేము వ్రాసితిమి. మా పంతులుగారును సమ్మతించిరి. బిడ్డ యేడ్చును, తల్లియు నేడ్చును. అది మే మెఱుగుదుము. ఆమె ప్రత్యుత్తర మింకను రాలేదు. ఉయ్యాల మాత్రము అటుకమీదినుండి దింపి తుడిచి యుంచితిమి.