రత్నగిరి మీద పెళ్ళిపందిరి

విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్ళే రైలుమార్గంలో, తునికి కాస్త ఇవతల, అన్నవరం స్టేషను ఉన్నది. మాఘ ఫాల్గుణాలలో అక్కడ దిగే కుటుంబాల సామాను చూస్తే వచ్చిన పని ఇట్టే తెలిసిపోతుంది. కొబ్బరిబోండం, తలంబ్రాల బియ్యం మూట, అడ్డుతెర, కొత్తబట్టల పెట్టె. వారు పెళ్ళివారు. మహావైభవాన్ని ఆశించి వచ్చినవారు కారు. ఉన్నంతలో, అప్పు లేకుండా, అందంగా పెళ్ళి జరిపించుకోవాలని వచ్చినవారు.

అన్నవరం నేటి కాకినాడ జిల్లాలో ఉన్నది. పంపానది ఒడ్డున నిలిచిన చిన్నకొండ రత్నగిరి. వీరవెంకట సత్యనారాయణస్వామి 1891లో ఇక్కడ వెలిశాడని స్థలపురాణం చెబుతుంది. ఆలయాన్ని నాలుగు చక్రాలతో రథం ఆకారంలో నిర్మించారు. స్వామికి ఒక వైపున అనంతలక్ష్మీ సత్యవతీదేవి, మరొక వైపున ఈశ్వరుడు కొలువుదీరి ఉంటారు. ఏటా వైశాఖ శుద్ధ ఏకాదశినాడు స్వామికే కల్యాణం జరుగుతుంది. దేవుడే పెళ్ళికొడుకయ్యే చోట మనుషులు పెళ్ళికి తరలిరావడంలో వింత లేదు.

అయితే భక్తి ఒక్కటే కారణం కాదు. సొంత ఊళ్ళో పెళ్ళి తలపెడితే ఇంటింటికీ పిలుపు వెళ్ళాలి. పిలిచినవారందరికీ విస్తరి వేయాలి. ఒక ఇంటిని మరచిపోతే ఆ మాట పదేళ్ళు నిలుస్తుంది. “మొక్కు ఉన్నది, అన్నవరంలో చేస్తున్నాము” అంటే మాత్రం ఎవరూ తప్పుపట్టరు. చేతిలో డబ్బు లేదని చెప్పుకోనవసరం లేకుండానే పెళ్ళి చిన్నదవుతుంది. గౌరవానికి లోటు రాదు. ఈ కొండ మధ్యతరగతి తండ్రికి ఇచ్చే మొదటి వరం ఇదే.

మంచి ముహూర్తమున్న రాత్రి కొండమీద పదులకొద్దీ పెళ్ళిళ్ళు జరుగుతాయి. ఒక సన్నాయి ఆగేలోగా మరొకటి అందుకుంటుంది. ఒక పందిట్లో జీలకర్ర బెల్లం పెడుతుంటే, పక్క పందిట్లో తలంబ్రాలు పోస్తుంటారు. ఎవరి పురోహితుని గొంతు ఎవరికి వినిపిస్తున్నదో తెలియని సందడి. పగటిపూట యాత్రికులకు కాలం చెప్పే నీడగడియారం ఆ వేళ చీకట్లో నిద్రపోతుంటే, పెద్దలు చేతి గడియారాలు చూసుకుంటూ పురోహితుని తొందరపెడుతుంటారు. విడిగా అలంకారం లేని లోటు ఎవరికీ తోచదు. గాలి, దీపాలు, గోపురం అందరి పెళ్ళికీ ఉమ్మడి సొత్తు.

ఇలాంటి కల్యాణస్థలాలు దేశంలో మరికొన్ని ఉన్నాయి. తిరుమలలోని కల్యాణవేదిక వద్ద 2016 నుంచి ఉచితంగా వివాహాలు జరిపిస్తున్నారు. కేరళలోని గురువాయూరులో తాళి కట్టే తంతు కొద్ది నిమిషాలలోనే ముగుస్తుంది. అక్కడ 2024 సెప్టెంబరు 8న ఒక్కరోజే మూడువందలకు పైగా పెళ్ళిళ్ళు జరిగాయి. భాషలు వేరైనా కన్నవారి ఆరాటం ఒక్కటే.

లెక్క వేసి చూస్తే పెళ్ళికి నిజంగా కావలసినవి కొద్దివే. మంగళసూత్రం, మధుపర్కాలు, బాసికాలు, జీలకర్ర బెల్లం, పిడికెడు అక్షతలు. తక్కిన ఖర్చంతా మనుషుల సంఖ్యను బట్టి పెరుగుతుంది. భోజనం, బస, ప్రయాణం, పెట్టుబట్టలు అన్నిటికీ మూలం ఆ సంఖ్యే. అందుకే తెలివైన పెద్దలు ముందుగా బస్సు మాట్లాడుకుంటారు. బస్సులో ఎన్ని సీట్లు ఉంటే అంతమందే పెళ్ళివారు. ముహూర్తం కుదిరిన రోజునే గదులకు, మండపానికి ఏర్పాటు చేసుకుంటారు. రెండు మూడు మంచి ముహూర్తాలున్నప్పుడు, అందరూ ఎగబడేదాన్ని వదిలి మరొకటి ఎంచుకుంటారు. వధూవరుల వయసు ధ్రువపత్రాలు మరచిపోరు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం ప్రకారం ప్రతి వివాహాన్నీ నమోదు చేయించాలి కనుక, ఆ పనినీ వెంటనే ముగించుకుంటారు.

అసలు చిక్కు కొండ దిగిన తరువాత వస్తుంది. “పెళ్ళి అక్కడ చేశారు సరే, ఊళ్ళో భోజనాలు ఎప్పుడు?” అని బంధువులు అడుగుతారు. మొహమాటానికి లోనైన తండ్రి షామియానాలు వేయించి, రంగుల దీపాలు పెట్టించి, వెయ్యిమందికి విందు చేస్తాడు. కొండమీద మిగిలిన డబ్బు ఊళ్ళో కరిగిపోతుంది. పైగా వడ్డీ మిగులుతుంది. అన్నవరం పెళ్ళి పొదుపుగా జరిగిందో లేదో తేలేది ముహూర్తం రాత్రి కాదు, ఆ మరుసటి వారం.

ఆ ప్రశ్నకు జవాబు కూడా కొండమీదే దొరుకుతుంది. తెల్లవారగానే కొత్త దంపతులు తడి ఆరని పసుపుబట్టలతో సత్యనారాయణ వ్రతానికి కూర్చుంటారు. కథ ముగిశాక ప్రసాదం అందుకుంటారు. గోధుమనూక, బెల్లం, నేతితో చేసిన ఆ ప్రసాదాన్ని ఆకులో పొట్లం కట్టి ఇస్తారు. దాని రుచి తెలియని తెలుగువారు అరుదు. నిబ్బరం గల కుటుంబాలు ఆ పొట్లాలు కొన్ని ఎక్కువ కొని, ఊరు చేరాక వధూవరుల చేత ఇంటింటికీ పంచిపెట్టిస్తాయి. కొత్తకోడలు గుమ్మంలో నిలబడి స్వామి ప్రసాదం చేతిలో పెట్టినప్పుడు, విందు ఏదని అడిగేందుకు ఎవరికీ నోరు రాదు. పెద్దవారు దీవిస్తారు, పిల్లలు ఆకు నాకుతారు. ఆ ఇంట్లో పెళ్ళి ఫొటో గోడకెక్కే నాటికి తీర్చవలసిన బాకీ ఉండదు.