పక్కింట్లో పదిహేడు మంది

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా ఇంట్లో నెల రోజులుగా ఒకటే మాట, ఆ ఇల్లు కొనాలా వద్దా అని.

మా ఊరు పాడేరు నుంచి లోపలికి ఇరవై ఏడు కిలోమీటర్లు. చివరి నాలుగూ నడకే. వానాకాలం గెడ్డ పొంగితే ఆ నడకా ఉండదు. మా చిన్నత్తని కాన్పుకి డోలీలో మోసుకొస్తే రోడ్డెక్కేసరికి తెల్లారిపోయింది. అత్త బతికింది, బిడ్డ దక్కలేదు. అప్పట్నుంచి నాన్నకి ఒకటే పట్టుదల, పాడేరులో మనకి రెండు గదులుండాలని. కాఫీ, మిరియాల డబ్బులు ఆరేళ్ళు దాచాడు. అమ్మ డ్వాక్రా లోను కలిపింది. చెల్లి పాడేరులోనే ఇంటర్ చదువుతోంది, నీట్ రాస్తానంటోంది. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది మా తరమే, అందుకే ఇరవై ఏళ్ళకే ఇంటి కాగితాలు చదివే పని మాకు పడింది.

దొరికిన ఇల్లు రెండు గదులు, వంటగది, రేకుల వరండా. ఏడు లక్షలు చెప్పారు. అదే వీధిలో అంతే ఇంటికి పదకొండు అడుగుతున్నారు. ఎందుకు తక్కువ అంటే అమ్మే ఆయనే నవ్వుతూ చెప్పాడు, "పక్కిల్లు చూశారు కదా."

చూశాం. ఒకసారి కాదు, మూడుసార్లు చూశాం. పొద్దున్న వెళ్తే మూడు గదుల ఇంట్లోంచి పదిహేడు మంది బయటికొచ్చారు, లెక్కపెట్టాం. గోడ నిండా దుప్పట్లు, సందులో నాలుగు బళ్ళు, గుమ్మం దగ్గర అంట్లు, వాటి మీద కోళ్ళు. రాత్రి వెళ్తే పదకొండింటికి కూడా మాటలు, పిల్లల ఏడుపు, ఫోన్లో పాటలు. మూడోసారి వానలో వెళ్ళాం. వాళ్ళ వాకిట్లో మోకాలి కింద వరకు మురికి నీళ్ళు. వాసన వరండా దాకా వస్తోంది. ఈ నీళ్ళల్లో దోమలు పెరిగితే ఏమవుతుందో ఏజెన్సీలో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి హాస్టల్‌కి తిరిగొచ్చి నాన్నకి ఫోన్ చేశాం. "వద్దు నాన్నా, వాళ్ళకి శుభ్రత తెలీదు" అన్నాం.

ఫోన్ పెట్టాక ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. మా గదికి రాసి ఉన్న లెక్క ఆరుగురు, ఉండేది పద్నాలుగు మందిమి. మంచానికి ఇద్దరం, మిగతావాళ్ళం కింద. బాత్రూములు చాలక నాలుగింటికే లేస్తాం. తీగ చాలక బట్టలు గోడ మీద ఆరేస్తే ఎదురు అపార్టుమెంటు వాళ్ళు సంతకాలు పెట్టి కంప్లైంటు ఇచ్చారు. అందులో మా గురించి రాసిన మాట అదే, ఈ పిల్లలకి శుభ్రత తెలీదని. ఆ రోజు మాలో ఎవ్వరం అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడు అదే మాట మా నోట్లోంచి, ఇంకొకళ్ళ మీద.

తర్వాత తెలిసింది, పక్కింటోళ్ళు పైన ఊళ్ళ మనవాళ్ళే. సొంతవాళ్ళు ఏడుగురే. మిగతావాళ్ళు ఆసుపత్రికొచ్చినవాళ్ళు, నెలలు నిండి దిగినవాళ్ళు, హాస్టల్లో సీటు రాని పిల్లలు. ఇది చెప్తే నాన్న ఒక్క మాటన్నాడు: "మనోళ్ళయితే మాత్రం కంపు కంపు కాకుండా పోద్దా?"

అదీ నిజమే. జాలిపడి ఏడు లక్షలు పెట్టలేం కదా. చెల్లి చదువుకోవాలి.

చివరికి అమ్మే సంచిలో నాలుగు పనసతొనలు వేసుకుని పక్కింటికి వెళ్ళి కూర్చుంది. మేమూ వెళ్ళాం. అమ్మ నీళ్ళ సంగతి మెల్లగా ఎత్తితే ఆవిడ లేచి మమ్మల్ని సందులోకి తీసుకెళ్ళింది. "మాకు మాత్రం ఇష్టమేటి వదినా? ఈ కాలువ చూడు. ఆ ఇంటాయన వరండా పెంచినప్పుడు మీద సిమెంటు పోసీసినాడు. నీళ్ళు ఎటు పోతాయి? మా వాకిట్లోకే వస్తాయి."

వంగి చూశాం. కాలువ అక్కడితో ఆగిపోయింది. మురికి వాళ్ళదనుకున్నాం, కాలువ మూసింది మేం కొనబోయే ఇల్లే. ఆ మురికి చూపించే ఆయన మాకు చవగ్గా అమ్ముతున్నాడు.

జనం సంగతి కూడా అమ్మ అడిగింది. ఆవిడ "ఊరి నుంచొచ్చినోళ్ళని ఎవుల్ని పొమ్మంటాం వదినా?" అంది. అమ్మ ఏమీ అనలేదు. బస్సెక్కాక మాత్రం మమ్మల్ని అడిగింది, "రేపు మన ఇల్లయ్యాక మనూరోళ్ళు ఎక్కడ దిగుతారు?" మాకు జవాబు లేదు. చిన్నత్తకి జరిగింది ఇంకెవరికీ జరక్కూడదనే కదా ఈ ఇల్లు. మరి ఏడాది తిరిగేసరికి మా గోడ మీదా దుప్పట్లుంటాయి. ఇంకెవరో వచ్చి మమ్మల్ని లెక్కపెడతారు.

ఇంట్లో రెండు రోజులు మాట్లాడుకున్నాం. కొందామనే అనుకున్నాం, మూడు షరతులతో. ఒకటి, అడ్వాన్సుకి ముందే ఆ సిమెంటు పగలగొట్టి కాలువ తెరవాలి, కూలి ఆయనదే. రెండు, కాగితాలు. 1/70 ఉంది కాబట్టి ఏజెన్సీలో భూమి గిరిజనులకే బదిలీ అవ్వాలి. అమ్మేవాళ్ళూ మనవాళ్ళే, ఆ చిక్కు లేదు. కానీ పట్టా వాళ్ళ తాత పేరు మీదుంది, వారసులందరూ సంతకం పెట్టాలి. తెల్లకాగితం మీద రాసిస్తానంటే కుదరదని చెప్పాం. మొదటి రెండింటికీ ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

మూడో షరతు మాకు మేం పెట్టుకున్నది. ముందు గది ఊరిది, ఎవరొచ్చినా అక్కడే పడుకోవాలి. వెనక గది చెల్లిది, పరీక్షలయ్యేదాకా నాన్న కూడా అందులోకి వెళ్ళకూడదు. ఇది ఎన్నాళ్ళు నిలబడుతుందో తెలీదు. జ్వరంతో ఉన్న పిల్లని ఎత్తుకుని ఎవరైనా వస్తే, ముందు గది నిండిపోయుంటే ఏం చేస్తామని నాన్న అడిగాడు. అమ్మ చెల్లి వైపు చూసింది.

చెల్లి కాసేపు ఆలోచించి అంది, "తీస్తాను. కానీ గడియ లోపల వైపు పెట్టించండి."

వచ్చే వారం కాలువ పగలగొడతామన్నారు. మేమూ వెళ్తున్నాం, చూడ్డానికి. మీ ఇళ్ళల్లో ఇలాంటిది దాటినవాళ్ళుంటే, ఆ రెండో గదిని ఎలా కాపాడుకున్నారో చెప్పండి.