రింగ్ రోడ్డు మీద ఒక సాయంకాలం

సూరత్‌కు బదిలీ అయినప్పుడు మాకు కలిగిన సంతోషాలలో ఒకటి, గుజరాత్ మద్యనిషేధం అమలులో ఉన్న రాష్ట్రం కావడం. 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుండీ ఇక్కడ నిషేధం ఉన్నది. చట్టమే కాపలా కాస్తున్నప్పుడు ఎదిగే పిల్లవాని గురించి నిశ్చింతగా ఉండవచ్చునని తలచాము. ఆ తలపు ఎంత పొరపాటో గత దీపావళి ముందు తెలిసివచ్చినది.

ఇంజనీరింగ్ రెండవ సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి హాస్టలు నుండి సెలవులకు వచ్చాడు. బట్టలు ఉతకబోగా చొక్కా జేబులో చిన్న పొట్లం కనిపించినది. విప్పి చూస్తే గంజాయి. ఆ రాత్రి మేమిద్దరమూ నిద్రపోలేదు. మందలించాలా? బ్రతిమాలాలా? చదువు మాన్పించి ఇంట కూర్చోబెట్టాలా? తెల్లవారేసరికి ఒక్కటే నిశ్చయించుకున్నాము: అరవకూడదు.

మరునాటి సాయంకాలం చీరలు కొనే మిషతో ముగ్గురమూ రింగ్ రోడ్డుకు బయలుదేరాము. పండుగ ముందు ఆ దారి సంగతి సూరత్ వాసులకు చెప్పనక్కరలేదు. వరుసగా వస్త్ర మార్కెట్లు, మూటలు మోసే హమాలీలు, టెంపోలు. నడుమ నడుమ మన పద్మశాలీ సోదరుల తెలుగు మాటలు. సహారా దర్వాజా సమీపాన కారు కదలక నిలిచిపోయినది. ఇంట ఎదురెదురుగా కూర్చున్నప్పుడు రాని మాట అక్కడ వచ్చినది.

“జేబులో పొట్లం చూశాము నాన్నా. కోపం లేదు, భయంగా ఉంది.”

చాలాసేపటికి అబ్బాయి నోరు విప్పాడు. హాస్టలులో చేరిన మొదటి నెలలోనే స్నేహితులు ఇచ్చారట. అందరూ తాగుతున్నారనుకున్నాడట. ఆపైన మెల్లగా, “మీరు దామన్ వెళ్ళి వచ్చినప్పుడు నేనెప్పుడైనా అడిగానా నాన్నా?” అన్నాడు.

మావద్ద సమాధానం లేదు. సరిహద్దు దాటితే నిషేధం లేదని, మిత్రులతో దామన్ వెళ్ళి రావడం మాలో ఒకరికి ఏళ్ళ తరబడి అలవాటు. వాడు చూస్తూనే పెరిగాడు. “ఆ తప్పు నాది. ఇక వెళ్ళను” అన్న మాట ఆ ట్రాఫిక్‌లోనే వెలువడినది. చీరలు కొనకుండానే ఇల్లు చేరాము.

తరువాత మానసిక వైద్యుని కలిశాము, కొంత చదివాము. 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన సర్వే ప్రకారం 10 నుండి 75 ఏళ్ళ వయస్సు వారిలో మద్యం వాడేవారు నూటికి 14.6 మంది, గంజాయి, భంగు వంటివి వాడేవారు 2.8 మంది. తోటివారు వాడుతున్న దానికన్న ఎక్కువగా వాడుతున్నారని విద్యార్థులు భ్రమపడతారని అమెరికాలోని పరిశోధనలు చెబుతున్నాయి. కళాశాలలో చేరిన తొలి వారాలు ప్రమాదకరమైనవనీ, చేరకముందే తల్లిదండ్రులు మనసు విప్పి మాట్లాడితే మేలు కలుగుతుందనీ, “కొంచెమైతే ఫరవాలేదు” అనే ఇళ్ళ పిల్లలు ఎక్కువ తాగుతారనీ కూడా తేలినది. మేము ఆ తొలి వారాలలో ఫోనులో అడిగినవి మార్కులు, మెస్సు భోజనము మాత్రమే.

మన రాష్ట్రంలోనూ నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల పోరాటం సారా నిషేధానికి దారితీసినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది, 1997లో సడలినది. చట్టాలు వస్తాయి, పోతాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని నేరంగా పరిగణిస్తున్నా, పొట్లం మా ఇంటి లోపలికి రానే వచ్చినది. ఇంటి గడప లోపల కాపలా మనదే.

మా అబ్బాయి పూర్తిగా మారిపోయాడని చెప్పలేము. సంక్రాంతి తరువాత ఒకసారి మళ్ళీ జారాడు. అయితే ఆ సంగతి తానే ఫోను చేసి చెప్పాడు. అరిచి ఉంటే ఆ ఫోను వచ్చేది కాదు. సహాయం కావలసినవారికి 14446 అనే ఉచిత జాతీయ ఫోను నంబరు ఉన్నది, అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. దామన్ ప్రయాణాలు మా ఇంట నిలిచిపోయినవి. ఆ శనివారాలలో ఇప్పుడు హాస్టలుకు ఫోను చేస్తున్నాము. మార్కుల ప్రశ్న చివరికి వాయిదా వేస్తున్నాము.